ఆరింటికి ఇంకా ఎనిమిది నిమిషాలు

స్పీకరు కుర్చీ గురించి బయటివాళ్ళకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. దాని వెన్ను మరీ నిటారుగా ఉంటుంది. అందులో కూర్చున్నవాడు నిద్రపోకూడదని ఎవరో మహానుభావుడు అలా చేయించాడట. నిద్ర సంగతి దేవుడెరుగు, ఐదేళ్ళలో నా నడుము మటుకు పనికిరాకుండా పోయింది. మా ఆవిడ కుట్టిచ్చిన చిన్న దిండు వెనక పెట్టుకుని కూర్చుంటాను. ప్రతిపక్షం వాళ్ళు దాన్ని కూడా వదల్లేదు. "అధ్యక్షా, మీరూ మీ దిండూ కలిసి మమ్మల్ని మాట్లాడనివ్వడం లేదు" అని ఒకాయన అంటే సభంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. నవ్వక చస్తానా.

నిజానికి నోరు కట్టేసుకుని కూర్చున్నది నేను. ఇరవై మూడేళ్ళు సభ్యుడిగా ఉన్నాను. అందులో పద్దెనిమిదేళ్ళు వెనక బెంచీలో నిలబడి గొంతు చించుకున్నాను. మా పార్టీ అధికారంలో ఉన్నా లేకపోయినా నా అరుపు ఒకటే. పలుగురాయి మిల్లుల్లో పనిచేసి ఊపిరితిత్తులు పాడైపోయిన వాళ్ళకు నెలనెలా భృతి ఇవ్వాలి. ఆ ఒక్క మాటే అన్నేళ్ళూ తిప్పి తిప్పి అన్నాను. నేను లేవగానే కొందరు కాఫీకి వెళ్ళిపోయేవారు. ఐదేళ్ళ కిందట మా నాయకుడు నన్ను పిలిచి, "అన్నా, మీరు స్పీకరుగా ఉండాలి, మీకంటే పెద్దమనిషి మనలో ఎవరున్నారు?" అన్నాడు. పొంగిపోయాను. స్పీకరు సభలో దేని గురించీ తన అభిప్రాయం చెప్పకూడదన్న ముక్క ఇంటికి వెళ్ళి కాళ్ళు కడుక్కునేదాకా నాకు తట్టనేలేదు. నా నోటికి తాళం వేసి, వేసినందుకు నా చేతే కృతజ్ఞతలు చెప్పించుకున్నారు.

అసలు నేను రాజకీయాల్లోకి వచ్చింది ఒక గడియారం వల్ల. మా పేటలో పలుగురాయిని పిండిచేసే మిల్లు ఉంది. ఆ పిండి గాజు ఫ్యాక్టరీలకు పోతుంది. మా అన్నా వదినా లోపల జల్లెడల దగ్గర పనిచేసేవారు. నేను పదో తరగతి గట్టెక్కాను కాబట్టి నాకు గేటు దగ్గర టైమ్ కీపరు ఉద్యోగం ఇచ్చారు. పొద్దున మూడు నిమిషాలు ఆలస్యమైతే సగం రోజు కోత. లోపలికి చేతి గడియారాలు తీసుకెళ్ళకూడదు. అందరికీ కాలమంటే నా గేటు గడియారమే.

మిల్లు మేనేజరు ఒకరోజు నన్ను గదిలోకి పిలిచి, మధ్యాహ్నం నుంచి గడియారాన్ని కొంచెం కొంచెంగా వెనక్కి తిప్పమన్నాడు. సాయంత్రానికి ఇరవై నిమిషాలు అదనంగా పని జరగాలి. పదకొండో రోజు సాయంత్రం గేటు దాటుతూ మా వదిన ఆగి, తలెత్తి గడియారం చూసింది. తర్వాత ఎండ చూసింది. "ఏమయ్యా, నీ గడియారానికీ పొద్దుకీ మాటల్లేవా?" అంది నవ్వుతూ. ఆ నవ్వుకు నా మొహం మాడిపోయింది. మర్నాడు గడియారం సరిచేసి, గేటు దగ్గర అందరినీ ఆపి సంగతి చెప్పేశాను. ఉద్యోగం ఊడింది, సమ్మె జరిగింది, నేను పెద్దవాణ్ణయిపోయాను. ముల్లు తిప్పనన్న మనిషి అని నన్ను నెత్తిన పెట్టుకున్నారు. అంతకుముందు పదకొండు రోజులు తిప్పిన సంగతి నేను ఏ సభలోనూ చెప్పలేదు. వదినకు తెలుసు. ఆవిడా ఎవరికీ చెప్పలేదు.

అదేం చిత్రమో, శాసనసభలోనూ నా బతుకు గడియారం ఎదురుగానే గడిచింది. స్పీకరు కుర్చీకి ఎదురుగా, పెద్ద ద్వారం మీద, లోలకం ఊగే పాత గోడ గడియారం ఒకటి ఉంది. సభకు కాలమంటే అది చూపించేదేనని మా నిబంధనల్లో రాసి ఉంది. ఐదేళ్ళ గడువు చివరి రోజు సాయంత్రం ఆరింటికి పూర్తవుతుంది. ఆరు కొట్టేలోగా ఆమోదం పొందని బిల్లు ఏదైనా చచ్చినట్టే. కొత్త సభ వచ్చాక మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టాలి.

అందుకని పెద్దలు ఒక ఉపాయం కనిపెట్టారు. పని మిగిలిపోతే గడియారం ఆపేస్తారు. లోలకాన్ని పట్టుకుంటే ఆరు కొట్టదు, ఆరు కొట్టకపోతే గడువు తీరదు. బయట దీపాలు వెలిగినా లోపల ఐదున్నరే. ఈ పనికి ఒక మనిషి ఉన్నాడు. ఆరడుగుల పైన పొడవు, చేతిలో ఎప్పుడూ నిచ్చెన. అందరూ అతన్ని నిచ్చెన అనే పిలుస్తారు. గడియారానికి కీ ఇచ్చేదీ, తుడిచేదీ, ఆపేదీ అతనే. ఆపమని ఏ స్పీకరూ నోటితో చెప్పడు. చెబితే రికార్డులోకి ఎక్కుతుంది. కళ్ళజోడు తీసి బల్లమీద పెడతాడు. అది సైగ. నిచ్చెన గోడకు చేరుతుంది.

ఈ ఆనవాయితీని నేను వెనక బెంచీ నుంచి తిట్టని తిట్టు లేదు. ఎవరెవరి బిల్లుల కోసమో గడియారం ఆగింది గానీ, నా మిల్లు మనుషుల కోసం ఎన్నడూ ఆగలేదు. స్పీకరు కుర్చీలో కూర్చున్న మొదటి రోజునే, నా హయాంలో ఆ గడియారం ఆగదని అందరి ముందూ మాటిచ్చాను. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. చివరి రోజు ఇంకా ఐదేళ్ళుంది కదా.

ఆ చివరి రోజు వచ్చింది. పొద్దున ఆనాటి పనుల జాబితా చేతికివ్వగానే నా కళ్ళు చివరి వరుసకు పోయాయి. భృతి బిల్లు ఉంది! పద్దెనిమిదేళ్ళ అరుపు నున్నటి కాగితం మీద అచ్చులో కనిపిస్తే ఎలా ఉంటుందో మీకెలా చెప్పను. కళ్ళు చెమర్చాయి. ఆ తర్వాత దానిపై వరుస చదివాను. పని గంటల సవరణ బిల్లు. మిల్లుల్లో ఎనిమిది గంటల షిఫ్టును పన్నెండు గంటలు చేసే బిల్లు. ముందు అది, దాని వెనక నాది.

మధ్యాహ్నం విరామంలో నాయకుడు నా గదికి వచ్చాడు. తలుపు తానే వేశాడు.

"అన్నా, చూశారుగా? మీ కోరిక తీరుస్తున్నాను."

"వరుస మార్చు. నాది ముందు పెట్టు."

"అదెలా కుదురుతుందన్నా? మిల్లుల వాళ్ళకు నేనూ మాటిచ్చానుగా. రెండూ కలిసి గట్టెక్కితేనే అందరూ బాగుంటారు." కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "సాయంత్రం లోపు అన్నీ అవ్వవు. ప్రతిపక్షం వాళ్ళు సాగదీస్తారు. మీరు కాస్త కళ్ళజోడు తీస్తే చాలు."

"తియ్యనని మాటిచ్చాను."

"మీ ఇష్టం. పని గంటలది ఎన్నికల తర్వాత నేనెలాగూ తెస్తాను. మీది ఎవరు తెస్తారన్నా? మీరు ఈసారి పోటీ కూడా చెయ్యడం లేదు." లేచి, నా దిండు సర్ది మరీ వెళ్ళాడు. అతనిలో నాకు నచ్చనిది అదే. ఏ పనైనా ప్రేమగా చేస్తాడు.

జాబితాలో వరుస సభా నాయకుడి చేతిలో, అంటే అతని చేతిలోనే ఉంటుంది. నా చేతిలో ఉన్నది కళ్ళజోడే.

అతను అలా వెళ్ళాడో లేదో మా వదిన వచ్చింది, క్యారేజీ పట్టుకుని. అన్నయ్య పోయి తొమ్మిదేళ్ళయింది. ఆయన్ని తిన్న పిండే ఇప్పుడు ఈవిణ్ణీ తింటోంది. మెట్లెక్కి వచ్చినందుకు నా సోఫాలో కూర్చుని చాలాసేపు ఊపిరి కూడదీసుకుంది. ఊపిరి అందగానే మొదలుపెట్టింది.

"ముందు తిను. మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో. ఇంత పెద్ద గదిలో పెట్టి నీకు తిండి పెట్టరా వీళ్ళు?"

"వదినా, నీతో ఒక మాట చెప్పాలి."

"నువ్వు చెప్పేదేంటి, నేనే విన్నాను. బిల్లు పెట్టారటగా. మన వీధిలో మిగిలిన పదిహేడు మందికీ చెప్పొచ్చాను, ఇవాళ మా మరిది పని అయ్యిందనిపిస్తాడని. పొద్దున అందరూ గుమ్మాల్లోకి వచ్చి నన్ను సాగనంపారు. పెళ్ళికూతుర్ని పంపినట్టు!" నవ్వబోతే దగ్గొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

దగ్గు ఆగాక మొత్తం చెప్పాను. ముందున్న బిల్లు, వెనకున్న బిల్లు, కళ్ళజోడు. వదిన వింటూ క్యారేజీ గిన్నెలు ఒకటొకటిగా విప్పి బల్లమీద పెట్టింది. ఆవిడ కూతురు, మా అందరి అమ్మడు, ఇప్పుడు ఆ మిల్లులోనే బస్తాలు కుట్టే చోట పనిచేస్తోంది. ఆ సంగతి నేను చెప్పనక్కర్లేదు.

"పన్నెండు గంటలా?" అంది చివరికి.

"పన్నెండు."

"ఆ పిండిలో?"

"ఏం చెయ్యమంటావు వదినా?"

ఆవిడకు చర్రుమని కోపం వచ్చింది. "నన్నడుగుతావేంటి? ఆ రోజు గేటు దగ్గర ముల్లు నన్నడిగి తిప్పావా? నన్నడిగి మానేశావా? నాకు మందులు కావాలి. నా కూతురు బతకాలి. ఆ కుర్చీలో కూర్చున్నది నువ్వు."

తర్వాత అన్నం కలిపి నా ముందు పెట్టింది. నాలుగు ముద్దలు తిన్నాను. రుచి తెలియలేదు.

మధ్యాహ్నం సభ మొదలయ్యేసరికి వదిన సందర్శకుల గ్యాలరీలో ముందు వరుసలో కూర్చుని ఉంది. నాయకుడు చెప్పినట్టే అయింది. మొదటి మూడు బిల్లులూ లాగి లాగి వదిలారు. ఒకాయన రోడ్ల బిల్లు మీద మాట్లాడుతూ తన చిన్నప్పటి సైకిలు దాకా వెళ్ళాడు. నాలుగో బిల్లు అయ్యేసరికి ఐదూ నలభై దాటింది. వేరే రోజైతే తల పట్టుకునేవాణ్ణి. ఆ రోజు మాత్రం, ఇంకా సాగదియ్యండి బాబూ, ఆరు దాకా సాగదియ్యండి, నాకు ఈ పీడ వదిలిపోతుంది అనుకున్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నేను కోరుకున్నది న్యాయం కాదు, నా ప్రమేయం లేకుండా అయిపోవడం.

ఐదూ యాభైకి పని గంటల బిల్లు పిలవాల్సి వచ్చింది. నాయకుడు లేచి మెల్లగా కాగితాలు సర్దుకుంటున్నాడు, తొందరేమీ లేనట్టు. నిచ్చెన గోడవార నిలబడి నా మొహంలోకే చూస్తున్నాడు. అప్పుడు పైన వదినకు దగ్గు తెర వచ్చింది. గ్యాలరీలో చప్పుడు చేస్తే బయటకు పంపాలి. కాపలా మనిషి వదిన పక్కకు వచ్చి, పంపమంటారా అన్నట్టు నా వైపు చూశాడు. వదిన కొంగు మొత్తం నోట్లో కుక్కుకుని, చప్పుడు రాకుండా ఊగిపోతోంది. నన్ను చూడను కూడా చూడలేదు.

నాకు కళ్ళు కనపడలేదు. కళ్ళజోడు తీశాను. తుడుచుకుని, బల్లమీద పెట్టాను.

నిచ్చెన కదిలింది.

ఏడుపొచ్చి తీశానా, కావాలనే తీసి ఏడుపు మీద పెట్టానా? ఆ ప్రశ్న నన్ను నేను చాలాసార్లు వేసుకున్నాను. ఒక్కోరోజు ఒక్కో జవాబు వస్తుంది. ఆ క్షణంలో తెలిసింది మాత్రం టక్కు టక్కు చప్పుడు ఆగిపోవడం. ఐదేళ్ళుగా అది వినిపిస్తోందని ఆగాకే తెలిసింది. ఆరింటికి ఇంకా ఎనిమిది నిమిషాలు ఉండగా లోలకం నిచ్చెన పిడికిట్లో ఉంది.

ప్రతిపక్షం అంతా లేచి గోల. "టైమ్ కీపరు గారూ, మీ మాటేమైంది?" అని ఒకాయన అరిచాడు. మా వాళ్ళు బల్లలు చరిచారు. నాయకుడు నాకేసి చిన్నగా తలవంచి, బిల్లు ప్రవేశపెట్టాడు. ఒక సభ్యుడు వ్యతిరేకించాడు, ఇంకొకడు సమర్థించాడు, సవరణలు వీగిపోయాయి. అదంతా చకచకా జరిగిపోయింది. నేను యంత్రంలా పేర్లు పిలిచాను. ఇక మిగిలింది ఒక్క వాక్యం. అనుకూలంగా ఉన్నవారు అవుననండి, అని నేను అనాలి. మా వాళ్ళు అవునంటారు. బిల్లు అయిపోతుంది. ఆ వెంటనే నాది.

నోరు తెరిచి, ఎందుకో పైకి చూశాను. వదిన దగ్గు తగ్గింది. తలెత్తి గడియారాన్ని చూస్తోంది. తర్వాత మెల్లగా మెడ తిప్పి, గ్యాలరీ పక్క కిటికీలోంచి పొద్దు చూసింది. ముప్పై ఏళ్ళ కిందట గేటు దగ్గర చూసినట్టే. ఈసారి నవ్వలేదు.

నేను లేచి నిలబడ్డాను. స్పీకరు లేస్తే మిగిలినవాళ్ళంతా కూర్చుని నోరు మూసుకోవాలి. సభలో నాకున్న మర్యాద అదొక్కటే. ఐదేళ్ళలో దాన్ని మూడుసార్లు కూడా వాడుకోలేదు.

"గడియారం నడిపించండి" అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. కింద బల్ల దగ్గర రికార్డు రాసే ఆవిడ కలం ఆపి తలెత్తింది. ఆ మాట ఆ సభలో ఎవరూ పైకి అని ఉండరు. "రాయాలా అండీ?" అంది లోగొంతుకతో. "రాయండమ్మా" అన్నాను.

నిచ్చెన పైనుంచే, చెయ్యి తియ్యకుండా అడిగాడు. "ఇంకా ఎనిమిది నిమిషాలుంది కదండీ. ఇక్కణ్ణుంచే వదిలెయ్యనా?"

పాపం, నాకు మేలు చేద్దామనే అడిగాడు. ఎనిమిది నిమిషాల్లో రెండు బిల్లులూ అయిపోతాయి. ఆపిన మాట రికార్డులో లేదు, నడిపించిన మాటే ఉంటుంది. నేను మళ్ళీ మంచివాణ్ణే. బల్లమీది కళ్ళజోడు పెట్టుకుని నా చేతి గడియారం చూసుకున్నాను. ఈ పని నాకు బాగా వచ్చు.

"పదకొండు నిమిషాలు ఆపాం. పదకొండూ ముందుకు జరపండి."

నాయకుడు సగం లేచాడు. నేను నిలబడే ఉన్నాను కాబట్టి మళ్ళీ కూర్చున్నాడు. నిచ్చెన ముల్లును వేలితో తోశాడు. అది పన్నెండు దాటుతుండగా గడియారం ఆరు కొట్టింది. మధ్యలో ఆపడం కుదరదు కదా, ఆరూ కొట్టేదాకా అందరం కూర్చుని విన్నాం. సభ గడువు తీరిందని ప్రకటించి కిందికి దిగాను. పని గంటల బిల్లు పోయింది. నా బిల్లు పేరైనా పిలవకుండానే పోయింది.

గది బయట నాయకుడు ఎదురయ్యాడు. కోపంగా లేడు. "చేజేతులా చంపుకున్నారన్నా" అన్నాడు, నిజంగా జాలిపడుతున్నట్టు. "నాది నేను మళ్ళీ తెచ్చుకుంటాను. మీకేం మిగిలింది?"

"నడుము నొప్పి" అన్నాను. దిండు తీసుకుని వచ్చేశాను.

వదిన కారు దగ్గర నిలబడి ఉంది. తలుపు తీస్తే ఎక్కి కూర్చుంది. వీధులు దాటుతున్నాం. చివరికి నేనే అడిగాను.

"కోపంగా ఉందా వదినా?"

"ఉంది. ఉండదా మరి? ఆ పదిహేడు మంది గుమ్మాల్లో కూర్చుని ఉంటారు." కొంగు అంచు చూసుకుని మడత పెట్టింది. "వాళ్ళకు నేను చెప్పను. నా వల్ల కాదు. నువ్వే చెప్పు, ఇంటింటికీ వెళ్ళి."

"చెబుతాను."

కొంతదూరం పోయాక అంది, "టైమెంతయింది?"

"ఏడవుతోంది."

"అయితే అమ్మడు ఇంటికొచ్చేసి ఉంటుంది." కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

వీధి మొదట్లోనే కారు ఆపించి దిగాను. మొదటి ఇల్లు అన్నయ్యతో పాటు జల్లెడ దగ్గర పనిచేసినాయనది. ఆయన మంచం గుమ్మం దాకా లాక్కుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేవబోయి, దగ్గు వచ్చి కూలబడ్డాడు. అయినా చెయ్యి ఊపుతూ, "అయిందా? అయిందా తమ్ముడూ?" అంటున్నాడు. దగ్గు ఆగేదాకా పక్కన నిలబడ్డాను. మొదట నోటికొచ్చింది, టైము సరిపోలేదన్నా అని. ఎవరైనా నమ్మే మాటే. మింగేశాను.

"కాలేదన్నా. నేనే కానివ్వలేదు" అన్నాను.